తాబేలు చచ్చిపోలేదు, ఎండ కాచుకుంటోంది

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, బస్సు వేళలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ నెల ఉత్తరం మాత్రం సైన్స్ గదిలోని నీటి తాబేలు గురించి. పిల్లలు ఇంటికొచ్చి అడిగే ప్రశ్నలకు జవాబు తెలియక మీలో చాలామంది గేటు దగ్గర నన్నే ఆపి అడుగుతున్నారు మరి.

మొన్న మూడో తరగతి పాప ఒకతె ఏడుస్తూ నా గదికి పరిగెత్తుకొచ్చింది. "మేడం, తాబేలు చచ్చిపోయింది!" వెళ్లి చూద్దును కదా, దీపం కింద రాయి మీద మెడ బారుగా చాపేసి, కళ్లు మూసుకుని పడుంది. వెనక కాళ్లు రెండూ గాల్లోకి చాచి, వేళ్ల మధ్య పొరలు విసనకర్రలా విప్పింది. పాప అనుకోవడంలో తప్పేం లేదు. నేను వంగగానే నా నీడ మీద పడిందో ఏమో, దబ్బున నీళ్లలోకి దూకింది. పాప నవ్వేసింది. నా చీర తడిసింది.

తాబేలు మనలా ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. బయటి నుంచే తెచ్చుకోవాలి. తిన్నది అరగాలన్నా ఆ వేడే కావాలి. అందుకే నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే, ఎండ కాచుకునే రాయి దగ్గర 30, 32 దాకా ఉండేలా చూస్తాం. కాళ్లు అలా చాచేది ఒంటికి ఎక్కువ వేడి తగలడానికే. ఎండలోని యువీబీ అనే, కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలతో దాని చర్మంలో విటమిన్ డి3 తయారవుతుంది. అది లేకపోతే తిండిలోని కాల్షియం ఒంటికి పట్టదు, డిప్ప మెత్తబడుతుంది. కిటికీ పక్కన పెడితే సరిపోతుంది కదా అని చాలామంది అంటారు. సరిపోదు. కిటికీ అద్దం యువీబీని దాదాపుగా ఆపేస్తుంది. పైగా ఎండ నేరుగా పడితే గాజు తొట్టెలో నీళ్లు వేడెక్కిపోయి దానికే ప్రమాదం. మేం వేరే దీపం పెట్టింది అందుకే.

మనిషి కనపడగానే గాజుకు ముక్కు ఆనించి, కాళ్లు టపటపా కొట్టుకుంటుందే, దాన్ని పిల్లలు ప్రేమ అంటారు. నేను కాదనలేదు కానీ, అది తిండి అడగడం. మనిషి వస్తే తిండి వస్తుందని దానికి బాగా తెలిసిపోయింది. అడిగినప్పుడల్లా పెడితే ఒళ్లు పెరుగుతుంది, నీళ్లు పాడవుతాయి. ఎదిగిన తాబేలుకు రోజు విడిచి రోజు పెట్టినా చాలు. తిండి నీళ్లలోనే వేయాలి. దాని నాలుక మనలా కదలదు, నీళ్లతో కలిపితేగానీ మింగలేదు. రాయి మీద పెట్టిన ముక్కను నోట కరుచుకుని నీళ్లలోకి లాక్కుపోయేది అందుకే.

ముట్టుకోబోతే బుస్సుమంటుంది. కోపమని పిల్లలు వెనక్కి జంకుతారు. నిజానికి తల లోపలికి లాక్కునేటప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి బయటికొచ్చిన చప్పుడే అది. డిప్ప మీద తడితే దానికి తెలియదనుకోవడం కూడా పొరపాటు. డిప్పలో నరాలున్నాయి, తాకితే తెలుస్తుంది. దాని మీద రంగులు వేయడం, పేరు రాయడం మా బడిలో కుదరదు. అప్పుడప్పుడు డిప్ప మీంచి పల్చటి పొరలు ఊడొస్తాయి. ఎదుగుతున్న తాబేలుకు అది మామూలే. గిల్లి తీయకూడదు, అంతే.

మీ ఇంట్లో తాబేలు ఉంటే కొన్నిటిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఒక పక్కకు ఒరిగి ఈదుతున్నా, ముక్కులోంచి బుడగలు వస్తున్నా, నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా ఊపిరితిత్తులకు జబ్బు చేసి ఉండొచ్చు. కళ్లు ఉబ్బి తెరవలేకపోతే విటమిన్ ఎ తక్కువై ఉండొచ్చు. రోజంతా గాజును గీరుతూ తిరుగుతుంటే తొట్టె ఇరుకైందేమో చూడండి. ఎదిగిన ఆడదైతే గుడ్లు పెట్టడానికి చోటు వెతుక్కుంటోందేమో కూడా ఆలోచించండి. మగ తాబేలు లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది. ఈ జబ్బు లక్షణాలు ఏవి కనిపించినా వెంటనే పశువైద్యుడికి చూపించండి, ఇంటి వైద్యం వద్దు.

తాబేలు పైకి ఎంత ఆరోగ్యంగా కనిపించినా ఒంటి మీద మనుషులకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, తొట్టె నీళ్లు వంటగది సింకులో పారబోయకూడదు. ఐదేళ్లలోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే అసలు తాబేలును తేకపోవడమే మేలు.

"మనమూ ఒకటి కొందాం" అని పిల్లలు పట్టుబడుతున్నారని విన్నాను. కొనేటప్పుడు అరచేతిలో పట్టేంత ఉంటుంది. చెవి దగ్గర ఎర్ర మచ్చ ఉండే రకంలో ఆడది 25 సెంటీమీటర్లు దాటొచ్చు, బాగా చూసుకుంటే 30 ఏళ్లు బతకొచ్చు. మీ అబ్బాయి ఉద్యోగంలో చేరాక కూడా మీరే నీళ్లు మారుస్తుంటారు. పెంచలేక చెరువులో వదిలేస్తే అక్కడి తాబేళ్ల తిండికీ చోటుకీ ఇది పోటీ అవుతుంది, జబ్బులూ అంటిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

సెలవుల్లో వారానికి మూడు రోజులు తొట్టె చూసుకోవడానికి మనుషులు కావాలి. బడికొచ్చి తిండి పెట్టి, ఫిల్టర్ చూసి వెళ్తే చాలు. వీలైనవాళ్లు ఈ కాగితం అడుగున పేరు రాసి పంపండి. ఇంటికి తీసుకెళ్తామని మాత్రం అడగకండి. పోయినసారి తొట్టె గది మారిస్తేనే అది రెండు రోజులు మెతుకు ముట్టలేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు