మన కందిపప్పు వెనక మలావి రైతు

సంపాదకులకు నమస్కారం.

కందిపప్పు ధర పెరిగినప్పుడల్లా పేపర్లలో ‘ఆఫ్రికా నుంచి దిగుమతులు’ అని ఒక లైన్ కనిపిస్తుంది. ఆ కంది పండించేవాళ్ల మధ్య నేను నాలుగేళ్లు ఉన్నాను. ఆఫ్రికా దేశం మలావిలో, దక్షిణాన ఉన్న లింబేలో, ఒక పప్పుల గోడౌన్‌లో పని. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్కడి చిన్న రైతుకు ఉండేది ఎకరం, మహా అయితే రెండెకరాలు. ఆధారం వాన ఒక్కటే. నవంబరులో చినుకు పడగానే మొక్కజొన్న వేసి, సాళ్ల మధ్య కంది పెడతారు. మొక్కజొన్న తిండికి, కంది చేతి ఖర్చులకు. జనవరి నుంచి మార్చి దాకా ఇళ్లలో గింజలు అడుగంటుతాయి. కూలికి పోయి నెట్టుకొస్తారు. ఏప్రిల్‌లో కంకులు ఇంటికొస్తేనే ఊపిరి.

2023లో సరిగ్గా ఆ కోతల ముందు, మార్చిలో ఫ్రెడ్డీ తుపాను వచ్చిపడింది. ఆస్ట్రేలియా దగ్గర పుట్టి, హిందూ మహాసముద్రమంతా దాటి, ఐదు వారాలకు పైగా తిరిగిన తుపాను అది. మలావిలో చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి వెయ్యి మంది పైనే. ఆ ఏడు కంది సీజన్‌లో ఫలోంబే వైపు మా కొనుగోలు పాయింట్‌కి ఒకావిడ సైకిల్ మీద సంచి కట్టుకుని వచ్చింది. ఏటా రెండు బస్తాలు తెచ్చే మనిషి. కాటా మీద పెడితే పదకొండు కిలోలు తూగింది. పొలంలో ఇసుక ఎంత మేట వేసిందో మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించింది. డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే నా చేతులే ఆడలేదు.

మరుసటి ఏడు ఎల్‌నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి వానల్ని తారుమారు చేసే పరిస్థితి. ఈసారి వానే లేదు. 2024 మార్చిలో ప్రభుత్వం 28 జిల్లాల్లో 23 జిల్లాలను విపత్తు ప్రాంతాలుగా ప్రకటించింది.

పొలం పోతే చేపలున్నాయి కదా అనుకుంటారేమో. అక్కడి చిల్వా సరస్సు చుట్టుపక్కల ఇన్నాళ్లూ అలాగే బతికారు, ఒకే ఇంట్లో సేద్యమూ ఉంటుంది, వలా ఉంటుంది. మతెంబా అనే చిన్న చేపల్ని మన నెత్తళ్లలాగే ఎండబెట్టి సంతలో కుప్పలు పోసి అమ్ముతారు. కానీ ఆ సరస్సు లోతు తక్కువ, వానలు తగ్గితే అదీ ఎండుతుంది. 1995లో పూర్తిగా ఎండింది, 2018లో ఇంచుమించు అదే గతి. అంటే పైరు ఎండిన ఏడే వలా ఖాళీ. అసలు దెబ్బ ఇక్కడుంది.

ఇంతా చేస్తే, వాతావరణాన్ని వేడెక్కించి ఇలాంటి విపత్తులను పెంచే కర్బన ఉద్గారాల్లో ఆఫ్రికా ఖండమంతటి వాటా దాదాపు 4 శాతమే. ఇలాంటి నష్టాలకు నిధి పెడతామని 2022లో ఈజిప్టులో జరిగిన ప్రపంచ వాతావరణ సదస్సులో ఒప్పుకున్నారు. మరుసటి ఏడు దుబాయ్‌లో దేశాలు మాటిచ్చింది సుమారు 70 కోట్ల డాలర్లు. అన్ని పేద దేశాలకూ కలిపి అది ఏ మూలకు? ఇచ్చేదైనా అప్పుగా కాకుండా సాయంగా, తుపాను రాకముందే ఊళ్లకు చేరాలి.

మన బాధ్యతా ఉంది. ఏటా 50 వేల టన్నుల కంది కొంటామని 2021లో మన ప్రభుత్వం మలావితో ఐదేళ్లకు ఒప్పందం చేసుకుంది. అంతకుముందు 2017లో ఉన్నట్టుండి దిగుమతులకు పరిమితి పెడితే అక్కడ ధర కుప్పకూలింది. మన రైతుకు గిట్టుబాటు ముందు, ఆ మాట నేను కాదనను. మా తాండూరు కంది రైతూ వాన మీద బతికేవాడే. కానీ కొనాలనుకున్నప్పుడు టన్నుల లెక్కతో సరిపెట్టకుండా, కరువును తట్టుకునే విత్తనం, ఊళ్లో గోడౌన్, ముందే చెప్పిన ధర కూడా ఒప్పందంలో ఉండాలి. విత్తనాల సంగతి చూసే ఇక్రిశాట్ మన పటాన్‌చెరులోనే ఉంది, మలావిలోనూ పనిచేస్తోంది.

మీకో మనవి. ఈసారి కందిపప్పు ధర వార్త వేసేటప్పుడు, ఆ ఏడు అక్కడ వానలెలా పడ్డాయో కూడా రెండు వాక్యాలు రాయించండి.

— ఒక పాఠకుడు, తాండూరు