లంకల పీహెచ్‌సీలో ల్యాబ్ పోస్టు కోత తగదు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో మార్చి 31తో ఒప్పందం ముగిసిన ల్యాబ్ టెక్నీషియన్ పోస్టును ఖాళీగా వదిలేసి, పక్క పీహెచ్‌సీ టెక్నీషియన్‌నే వారానికి మూడేసి రోజులు రెండుచోట్లా తిప్పే పొదుపు గోదావరి పాయల మధ్య దీవులైన కోనసీమ లంకలకు పనికిరాదు. రక్తం నర్సమ్మ కూడా తీస్తుంది; అసలు పని ఆ తర్వాతే. రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ యంత్రంలో గిర్రున తిప్పి, సీరం అనే పైతేట ద్రవాన్ని కణాల నుంచి వేరు చేయాలి. చక్కెర తరగకుండా ఆపే ఫ్లోరైడ్ లేని ట్యూబులో అలాగే ఉంచితే రక్తకణాలే గంటకు 5 నుంచి 7 శాతం చక్కెరను తినేస్తాయి, షుగరు రోగికి రిపోర్టు బాగున్నట్టే వస్తుంది. ఇక ఎండలో రేవు దాటి, ఆటో కుదుపులు తిని వచ్చిన నమూనాలో కణాలు చితికిపోతే మళ్లీ సూది గుచ్చాల్సిందే. గోదావరి పొంగి కాజ్‌వేలు మునిగితే పక్క ఊరి టెక్నీషియన్ రాలేడు. సరిగ్గా జ్వరాల రోజుల్లోనే మలేరియా స్లైడు, టీబీ తెమడ పరీక్ష, గర్భిణుల హిమోగ్లోబిన్ ఆగిపోతాయి. జనం అమలాపురంలోనో రాజోలులోనో ప్రైవేటు ల్యాబుకు డబ్బు కట్టుకుంటారు. ‘ఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) చదివి ఖాళీగా ఉన్నవాళ్లు బోలెడుమంది’ అన్న ధీమా ఒకటి! దొరుకుతారు, నిజమే. కానీ స్లైడులో పరాన్నజీవిని పట్టే కన్ను నెలరోజుల్లో రాదు, జీతం నెలల తరబడి ఆగితే కన్ను కుదిరినవాళ్లు నిలవరు. రెన్యువల్ ఉత్తర్వు ఫిబ్రవరిలోనే ఇవ్వాలి. జూన్ నుంచి నవంబరు దాకా తొలగింపులు ఉండకూడదు. ఖాళీలను మెరిట్, రోస్టర్ (రిజర్వేషన్ల వరుస) ప్రకారం భర్తీ చేసి, ఆ జాబితాను ఏడాదిపాటు అమల్లో ఉంచాలి. మైదానంలో 30 వేల జనాభాకు ఒక పీహెచ్‌సీ అనే కొలతతో పడవ దాటాల్సిన ఊళ్లను లెక్కగట్టకుండా, అక్కడి ల్యాబ్ పోస్టులను కోతల జాబితా నుంచి తప్పించాలి.