బ్లాక్ ట్యాంకు వాల్వు తెరిచి ఉంచమన్నది మీ మాన్యువలే

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మోటార్‌హోమ్ బ్లాక్ ట్యాంకు పూడిపోవడం, వారంటీ నిరాకరణపై ఫిర్యాదు.

నమస్కారం.

పడక, వంటగది, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే మీ కంపెనీ మోటార్‌హోమ్ కొని ఎనిమిది నెలలైంది. ఇంజిన్ మీద గానీ లోపలి పనితనం మీద గానీ నాకే ఫిర్యాదూ లేదు. టాయిలెట్ కింద ఉండే, మలమూత్రాలు చేరే బ్లాక్ ట్యాంకు గురించే ఈ ఉత్తరం.

బండి సీవర్ లైనుకు (మురుగు గొట్టానికి) కలిపి ఉన్నన్ని రోజులూ బ్లాక్, గ్రే రెండు ట్యాంకుల వాల్వులూ తెరిచి ఉంచుకోవచ్చని మీ మాన్యువల్‌లో రాశారు. మాకిది మొదటి బండి, ఇంతకుముందు అనుభవం లేదు. ఒకేచోట మూడు వారాలు ఆగినప్పుడు మీరు రాసినట్టే చేశాం. స్నానం, వంట నీళ్లు వెళ్లే గ్రే ట్యాంకుకు దానివల్ల పెద్ద నష్టం జరగలేదు. బ్లాక్ ట్యాంకు సంగతి వేరు. వాల్వు తెరిచి ఉంటే నీళ్లు ఎప్పటికప్పుడు జారిపోతాయి, మలమూ కాగితమూ అడుగున మిగిలిపోతాయి. పైనుంచి పడేది పడుతూ ఉంటుంది, కింద ఉన్నది ఎండుతూ ఉంటుంది.

రెండో వారంలో వాసన మొదలైంది. మూడో వారం ఫ్లష్ పెడల్ నొక్కితే నీళ్లు సరిగా దిగడం మానేశాయి. టార్చిలైటు వేసి చూశాను. గొట్టానికి సరిగ్గా కింద చెదపుట్టలా పేరుకుపోయి, దాని కొన గొట్టం మూతి దాకా వచ్చింది. చెంబుతో నీళ్లు పోస్తే పుట్ట కరగలేదు, నీళ్లు దాని పక్కలనుంచి జారిపోయాయి. ఇంట్లో నలుగురం, ఉన్నది ఒక్కటే టాయిలెట్.

మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే వచ్చిన సలహా ఈ ఫిర్యాదులో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఒక సీసా బ్లీచ్ పోసి రాత్రంతా వదిలేయమన్నారు. మూత్రం నిలవుంటే అమ్మోనియా తయారవుతుంది. దానికి బ్లీచ్ తోడైతే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. ఆ టాయిలెట్‌కి నాలుగు అడుగుల దూరంలో మా అత్తగారు పడుకుంటారు, ఆవిడకి ఆస్తమా. బ్లీచ్ పోయకముందే అదృష్టంకొద్దీ ఇంకొకరిని అడిగాం. మీ మాట నమ్మి పోసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది. పైగా బ్లీచ్ రబ్బరు సీళ్లను పాడుచేస్తుంది, మలాన్ని కరిగించే బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది.

చివరికి ట్యాంకులు శుభ్రం చేసే మనిషిని పిలిపించాం. ఆయన వాల్వు మూసి, ట్యాంకు నిండా నీళ్లు పట్టి రెండు రోజులు నానబెట్టారు. తర్వాత టాయిలెట్‌లోంచి సన్నటి ప్రెషర్ గొట్టం దింపి మూడు గంటలు కడిగారు. బయట 3 అంగుళాల హోస్‌కి లోపల పోయేది బయటికి కనిపించే పారదర్శకమైన మలుపు ముక్క ఒకటి బిగించారు. అందులోంచి మొదట నల్లటి పెళ్లలు దొర్లుకుంటూ పోయాయి, తర్వాత కాగితం పీలికలు, చాలాసేపటికి గానీ తేట నీళ్లు రాలేదు. వాల్వు గాడిలో కాగితం ఇరుక్కుని సీలు చిరిగింది, దాన్ని మార్పించాం. ఇంత చేశాక కూడా లోపలి ప్యానెల్ ట్యాంకు మూడింట రెండు వంతులు నిండినట్టే చూపించింది. ట్యాంకు గోడలోని సెన్సర్ల మీద మడ్డి అంటుకుంటే రీడింగు ఇలాగే తప్పుతుందట. ఆ ప్యానెల్‌ని మాత్రమే నమ్మొద్దని మీ మాన్యువల్‌లో ఒక్క మాటైనా లేదు.

బిల్లు పంపి వారంటీ అడిగితే, "వాడకంలో అజాగ్రత్త" అని రాసి తిప్పి పంపారు. ఆ మాట నాకు బిల్లు కంటే ఎక్కువ బాధ కలిగించింది. నేను మీరు రాసింది చదివాను, చదివింది చేశాను.

శుభ్రం చేయించిన ఖర్చు, సీలు ఖర్చు మీరు చెల్లించాలి. అజాగ్రత్త అన్న మాటను నా ఫైలులోంచి తొలగించాలి. బ్లీచ్ సలహా ఇక ఎవరికీ ఇవ్వకుండా మీ హెల్ప్‌లైన్ సిబ్బందికి చెప్పాలి. మాన్యువల్‌లో ఆ వాక్యం తీసేసి, ఇదే మోడల్ కొన్నవాళ్లందరికీ సవరణ పంపాలి. సవరణలో ఏం రాయాలో ఈ మూడు వారాల్లో నేర్చుకున్నాను కాబట్టి చెబుతున్నాను. బ్లాక్ ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. ఖాళీ చేసిన ప్రతిసారీ అడుగు మునిగేలా కొన్ని లీటర్ల నీళ్లు, మలాన్ని కరిగించే ఎంజైమ్ మందు పోసి మొదలుపెట్టాలి. ఫ్లష్‌లో నీళ్ల పొదుపు పనికిరాదు, తొందరగా కరిగే కాగితమే వాడాలి. మూడింట రెండు వంతులు నిండాకే వదలాలి, అప్పుడే ఆ వడికి అడుగున ఉన్నది కొట్టుకుపోతుంది. ముందు బ్లాక్ ట్యాంకు వదిలి, తర్వాత గ్రే ట్యాంకు వదిలితే ఆ సబ్బునీళ్లతో హోస్ కూడా కడుక్కుపోతుంది. అందుకోసం గ్రే వాల్వు కూడా ముందురోజే మూసిపెట్టుకోవాలి. తాగునీటి గొట్టాన్ని ఈ పనికి ఎన్నడూ వాడకూడదు.

మీ మాన్యువల్ చదివి వాల్వు తెరిచి పెట్టుకున్న కుటుంబాలు ఈపాటికి ఎన్నో ఉండి ఉంటాయి. వాళ్లకు సవరణ పంపడానికి నా బిల్లు తేలేదాకా ఆగొద్దు. నా ఫిర్యాదుకు 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. ఫోన్ చేస్తే మాట్లాడతాను, జవాబు మాత్రం కాగితం మీద కావాలి.

ఇట్లు,
మీ మోటార్‌హోమ్ కొన్న వినియోగదారుడు

జతపరిచినవి: మాన్యువల్ పేజీ నకలు, ట్యాంకు ఫోటోలు, రెండు బిల్లులు, మీ తిరస్కరణ లేఖ.