నేల ఉసిరి పరీక్షల ఫలితాలు బయటపెట్టండి

గౌరవనీయులైన పరిశోధనశాల సంచాలకుల వారికి,

నమస్కారం. మా ప్రాంతపు నేల ఉసిరి సారంపై మీరు జరిపిన వైరస్ నిరోధక పరీక్షల ఫలితాలు కోరుతూ రాసిన లేఖలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను.

1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్-బి (కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు) ఉన్నవారిలో ఈ మొక్క పనిచేసిందని ప్రచురించారు. తర్వాతి పరీక్షల్లో అది నిలబడలేదు. పైగా ల్యాబులో వైరస్ తగ్గితే చాలదు, అదే మోతాదుకు కణాలూ చస్తే అది విషమే. వైరస్ ఏ మోతాదుకు తగ్గిందన్నది మొదటి అంకె, కణాలు ఏ మోతాదుకు చస్తాయన్నది రెండోది. ఈ రెండో అంకె మాత్రం మాకెవరూ చెప్పరు.

ఇక్కడేమో "ల్యాబులో తేలింది" అంటూ సీసాల్లో పసరు అమ్ముతున్నారు. మా వీధిలో ఒకాయన కళ్లు పచ్చబడినా పసరుతోనే నెట్టుకొచ్చారు. ఆసుపత్రికి చేర్చేసరికి పొట్ట ఉబ్బి, మాట తడబడుతోంది.

దయచేసి రెండు అంకెలనూ, సారం తీసిన పద్ధతితో సహా, 30 రోజుల్లో ప్రకటించండి. పనిచేయలేదని తేలినా సరే.

ఇట్లు,
ఒక పౌరుడు