శనివారం కార్డుల ముచ్చట: కెల్టిక్ వీరనారి

అందరికీ నమస్కారం!
ఈ శనివారం రాత్రి 8 గంటలకు వీడియో కాల్‌లో కలుద్దాం. ఈసారి విషయం, కెల్టిక్ టారో డెక్కుల్లో (ప్రాచీన బ్రిటన్, ఐర్లండ్ లాంటి చోట్ల ఉన్న కెల్టు జాతుల కథలతో గీసిన జోస్యం కార్డుల కట్టల్లో) ఆయుధం పట్టిన స్త్రీ.

ఆమె వెనుక చాలామంది ఉన్నారు. క్రీ.శ. 60–61లో రోమన్ల మీద తిరగబడ్డ బ్రిటన్‌లోని ఐసెనీ తెగ రాణి బౌడికా, ఐరిష్ కథల్లో మహావీరుడు కుహూలిన్‌కు యుద్ధవిద్య నేర్పిన స్కాహా (అంతటి వీరుడికి గురువు ఆడమనిషే!), కాకి రూపంలో వచ్చే ఐరిష్ యుద్ధదేవత మోరిగన్.

అన్నట్టు, టారో పుట్టింది 15వ శతాబ్దపు ఇటలీలో, పేకాటగా. కెల్టుల ప్రాచీన విద్య అంటే నమ్మకండి.

మీ డెక్కులోని ‘బలం’, ‘కత్తుల రాణి’ కార్డుల ఫొటోలు శుక్రవారంలోగా ఇక్కడ పెట్టండి. డెక్ లేకపోయినా రండి.
మ్యూట్ మరిచిపోవద్దు. పోయినసారి ఎవరింట్లోనో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టాం!