బాణాల గుర్తు చూసి బోల్తా పడ్డాను

సంపాదకులకు నమస్కారం.

మొన్న చెత్త వేరు చేస్తూ ఒక ప్లాస్టిక్ డబ్బాను తిరగేసి చూశాను. అడుగున గోరంత త్రికోణం. ఒకదాని తోక మరొకటి పట్టుకున్నట్టు మూడు బాణాలు, మధ్యలో 6 అంకె. ఆ బాణాలుంటే చాలు, వస్తువు మళ్లీ పనికొస్తుందనుకుని ఇన్నేళ్లూ పొడి చెత్తలో వేస్తూ వచ్చాను. తీరా చదివితే, అది ఏ రకం ప్లాస్టికో చెప్పే గుర్తు మాత్రమేనట! 1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ తెచ్చిన పద్ధతి ఇది. 1 అంటే నీళ్ల సీసాలకు వాడే పెట్, 2 అంటే షాంపూ సీసాల్లాంటి వాటికి వాడే గట్టి పాలిథిన్. ఈ రెండింటికీ గిరాకీ ఉంది. 6 అంటే థర్మాకోల్ జాతికి చెందిన పాలిస్టైరీన్, దాన్ని తీసుకునేవారు అరుదు. జనం పొరబడుతున్నారనే 2013లో ఏఎస్‌టీఎం ప్రమాణాల సంస్థ బాణాల బదులు మామూలు త్రికోణం వేయమంది. అయినా బాణాలు పోలేదు. అవి ఉంటే సరుకు మంచిదిగా కనిపిస్తుంది మరి.

మనవైపు తప్పూ తక్కువేం కాదు. అనుమానం వచ్చినదాన్ని కూడా ‘వాళ్లే ఏరుకుంటారులే’ అని బుట్టలో పడేస్తాం. పెట్ సీసాల్లో, పైపులకు వాడే పీవీసీ ప్లాస్టిక్ కాస్త కలిసినా, కరిగించే వేడికి అది మాడి ఆమ్లపు ఆవిరి వదులుతుంది, మంచి ప్లాస్టిక్ కూడా పాడవుతుంది. పల్చటి సంచులు యంత్రాల ఇరుసులకు చుట్టుకుంటే పని ఆపి, మనుషులే లోపలికి దిగి కోసి తీయాలి. కడగని నూనె డబ్బా ఒక్కటి చాలు, పక్కనున్న కాగితమంతా జిడ్డోడి ఎందుకూ కొరగాకుండా పోవడానికి. ప్రపంచంలో 2019లో పోగైన ప్లాస్టిక్ వ్యర్థాల్లో రీసైకిల్ అయింది 9 శాతమేనని ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ అనే కూటమి లెక్క. ఇందులో బుట్ట దగ్గర జరిగే పొరపాట్ల కంటే, ప్లాస్టిక్, అల్యూమినియం పొరలను విడదీయరాకుండా అతికించి ప్యాకెట్లు చేసేవారి పాపమే ఎక్కువని నా అభిప్రాయం.

కడిగి, ఆరబెట్టి వేయడానికి మేం సిద్ధమే. కానీ ఏది వేయాలో చెప్పేదెవరు? చెత్త సేకరించే సంస్థలు తాము నిజంగా అమ్మగలిగే రకాలేవో, వద్దనేవేవో బుట్ట మూత మీదే బొమ్మలతో అచ్చు వేయించాలి. కరపత్రాలైతే అవీ చెత్తలోకే పోతాయి.

ఆ 6 అంకె డబ్బా ఇంకా మా వంటింటి గట్టు మీదే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు