పింక్ ఫ్లాయిడ్ పాటలు: అతుకుల దగ్గరే ఉంది అసలు పనితనం

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో పింక్ ఫ్లాయిడ్ మీద 'తప్పక వినాల్సిన పది పాటలు' అంటూ వచ్చిన వ్యాసం చదివాను. ఒక తెలుగు పత్రిక ఈ బ్రిటిష్ రాక్ బృందానికి రెండు పేజీలు ఇవ్వడం అరుదు. అందుకు సంతోషమే. కాకపోతే ఆ జాబితా పట్టుకుని ఒక్కో పాటా విడివిడిగా వినేవాళ్లకి వీళ్ల పనితనం సగం కూడా అందదు. పాటకీ పాటకీ మధ్య వేసిన అతుకుల్లోనూ, ఒక ఆల్బంలో మునిగి మరో ఆల్బంలో తేలే విషయాల్లోనూ ఉంది ఆ పనితనం. పైగా వ్యాసంలో 'మత్తులో పుట్టిన సంగీతం' అని ఒక్క మాటతో కొట్టిపారేసిన చోట నిజానికి ఉన్నవి రెండు లోట్లు. చేజారిపోయిన ఒక స్నేహితుడు, యుద్ధంలో పోయిన ఒక తండ్రి.

స్నేహితుడు సిడ్ బ్యారెట్, బృందం తొలినాళ్ల గాయకుడు, గిటారిస్టు. 1967 నాటి తొలి ఆల్బంలో పాటలన్నీ దాదాపు అతను రాసినవే. ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వాడకంతో, దెబ్బతిన్న మానసిక స్థితితో వేదిక మీద గిటార్ వాయించలేని దశకు వచ్చేశాడు. 1968 మొదట్లో గిటారిస్టు డేవిడ్ గిల్మర్ బృందంలో చేరాడు, ఆ ఏప్రిల్‌కల్లా సిడ్ బయట ఉన్నాడు. అక్కడి నుంచి ఆ ఖాళీ వీళ్ల పాటల్ని వదల్లేదు. 'బ్రెయిన్ డ్యామేజ్'లో మతి తప్పిన మనిషి, 'ద వాల్' ఆల్బంలో హోటల్ గదిలో మొద్దుబారి కూర్చున్న గాయకుడు, ఇద్దరి వెనకా సిడ్ నీడ ఉంది. మత్తును మెచ్చుకుంటూ రాసిన పాటలు కావివి. దాని తర్వాత ఏం మిగిలిందో చూసినవాళ్లు రాసినవి.

తండ్రి సంగతి బృందంలో బేస్ గిటార్ వాయిస్తూ పాటలు రాసిన రోజర్ వాటర్స్‌ది. ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ 1944 ఫిబ్రవరి 18న ఇటలీలోని ఆంజియో దగ్గర చనిపోయాడు. అప్పటికి రోజర్ అయిదు నెలల పసివాడు. ఈ విషయం 'ద వాల్'లో హఠాత్తుగా పుట్టిందన్నట్టు మీ వ్యాసం రాసింది. కాదు. 1968లోనే 'కార్పొరల్ క్లెగ్' అనే పాటలో కట్టెకాలు పెట్టుకున్న సిపాయి వస్తాడు. 1972లో 'ఫ్రీ ఫోర్'లో తండ్రి చావు ప్రస్తావన ఉంది. ఈ రెండు పాటల్లో ఒక తమాషా గమనించండి. విషయం చావు, యుద్ధం. బాణీ మాత్రం గంతులేసే బాణీ. మొదటిదాంట్లోనైతే పిల్లల ఆటబొమ్మలాంటి కజూ వాద్యం కూడా మోగుతుంది. దుఃఖాన్ని దుఃఖపు రాగంలో పాడే ధైర్యం అప్పటికింకా రాలేదనిపిస్తుంది నాకు. 1973లో 'అస్ అండ్ దెమ్' దగ్గరికి వచ్చేసరికి బాణీ నెమ్మదించింది. 1983లో 'ద ఫైనల్ కట్' ఆల్బం మొత్తం తండ్రికే అంకితం. అందులో ఒక పాట పేరులో ఆయన పేరులోని 'ఫ్లెచర్' కూడా ఉంది. పదిహేనేళ్లపాటు ఒకే గాయం చుట్టూ తిరిగిన రచన ఇది. పది పాటల జాబితాలో ఆ నడక కనిపించే వీలే లేదు.

సిడ్ కోసం కట్టిన 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' తొమ్మిది భాగాలు. అయిదు భాగాలు 'విష్ యూ వర్ హియర్' (1975) ఆల్బం మొదట్లో, మిగతా నాలుగు చివర్లో. మీ జాబితాలో ఇది ఒక్క పాటగా, నాలుగు నిమిషాల లింకుగా ఉంది. నాలుగు నిమిషాలకి పాట మొదలే కాదు, గొంతు వినిపించడానికే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. మొదట వినిపించే ఆ గాజు మోతలో వైను గ్లాసులున్నాయి. అంతకుముందు వాద్యాలేవీ లేకుండా ఇంట్లో దొరికే వస్తువులతోనే ఒక ఆల్బం చేద్దామని రబ్బరు బ్యాండ్లూ గ్లాసులూ ముందేసుకుని కూర్చుని, నెలల తర్వాత విసిగి వదిలేశారు. ఆ శ్రమలో మిగిలిన ముక్క ఇదే. నాలుగో నిమిషం దగ్గర గిల్మర్ గిటార్ మీద నాలుగే స్వరాలు పలుకుతాయి: బి ఫ్లాట్, ఎఫ్, జి, ఇ. పాట నడిచేది జి మైనర్ అనే స్వరవరసలో. ఆ మైనర్‌లో ఉండాల్సింది ఇ ఫ్లాట్, ఇక్కడ చివరగా వచ్చేది ఇ. చెవి ఎదురుచూసిన చోటికి అర మెట్టు పైన ఆగిపోతుందన్నమాట. ఆ స్వరం ఎటూ దిగకుండా గాలిలో వేలాడినట్టు ఉండడానికి కారణం అదే. ఇక ఆల్బం చిట్టచివర, తొమ్మిదో భాగం సన్నగిల్లుతుండగా, రిచర్డ్ రైట్ కీబోర్డు మీద 'సీ ఎమిలీ ప్లే' బాణీ ముక్క ఒకటి వినిపిస్తుంది. అది సిడ్ రాసిన 1967 నాటి పాట. వాల్యూం పెంచకపోతే వినపడదు. 1975 జూన్‌లో ఈ పాట పని నడుస్తుండగానే సిడ్ స్వయంగా ఆబీ రోడ్ స్టూడియోకి వచ్చాడు. ఒళ్లు వచ్చి, గుండు చేసుకుని, కనుబొమలు కూడా గీసేసుకుని ఉన్న మనిషిని పాత స్నేహితులు చాలాసేపటి దాకా పోల్చుకోలేకపోయారు.

ఇక 'మనీ' గురించి. 'క్యాష్ రిజిస్టర్ శబ్దంతో మొదలయ్యే హుషారైన పాట' అని రాశారు. ఆ శబ్దం వెనక ఉన్న పని చెప్పుకోవాలి. కంప్యూటర్లు లేవు, శబ్దాల్ని దాచుకుని మీట నొక్కితే వినిపించే శాంప్లర్లు లేవు. నాణేలు గిన్నెలో గలగలలాడించి, కాగితం చింపి, క్యాష్ రిజిస్టర్ లాగి, టెలిఫోన్ ఎక్స్ఛేంజి యంత్రపు టకటకలు తీసుకుని వేర్వేరుగా టేపు మీద రికార్డు చేశారు. డ్రమ్మర్ నిక్ మేసన్ పాత పెన్నీలకి చిల్లులు పెట్టి దారానికి గుచ్చాడు. వాటర్స్ వాడిన గిన్నె ఆయన భార్య బంకమన్ను కలుపుకునేది. తర్వాత స్కేలు పెట్టి కొలిచి, ఏడు ముక్కలు సమానంగా కోసి, వరసగా అతికించి, కొసలు రెండూ కలిపి వలయం చేశారు. యంత్రం మీద అంత పొడుగు టేపు నిలవదు కాబట్టి ఇలాంటి వలయాల్ని మైకు స్టాండు చుట్టూ తిప్పి బిగువుగా పట్టుకుంటారు. బిగువు తగ్గితే టేపు ఊగుతుంది, శ్రుతి వణుకుతుంది.

స్కేలు ఎందుకో లెక్కేస్తే తెలుస్తుంది. స్టూడియో టేపు వేగం సెకనుకు 38 సెంటీమీటర్లు అనుకుందాం, లయ నిమిషానికి 120 దెబ్బలు అనుకుందాం. ఒక దెబ్బకి 19 సెంటీమీటర్ల ముక్క, ఏడింటికి 133. ఒక్క ముక్కలో సెంటీమీటరు తేడా వస్తే 26 మిల్లీసెకన్ల తప్పు. ఒకసారైతే వినేవాడు పట్టించుకోడు. వలయం కదా, ప్రతి ఆవృత్తిలోనూ అదే చోట కుంటుతుంది, నాలుగు ఆవృత్తులు తిరిగేసరికి దాంతోపాటు వాయించేవాళ్లు దెబ్బలో పదో వంతు కంటే ఎక్కువ పక్కకి జరిగిపోయి ఉంటారు.

మిశ్రచాపు అలవాటున్న మన చెవికి 'మనీ' నడిచే ఏడు దెబ్బల లెక్క కొత్తేమీ కాదు. అయితే దీన్ని మూడూ నాలుగూ విరిచి వేయొద్దు. తిస్రజాతి త్రిపుటలా ఏడూ సమానంగా వేస్తూ వినండి, శాక్సోఫోన్ దాకా చెయ్యి తప్పదు. గిటార్ సోలో రాగానే తప్పుతుంది. అక్కడ లెక్క నాలుగుకి మారింది. ఆ సోలో మూడు ఆవృత్తుల్లో రెండోది మాత్రం ప్రతిధ్వని అంతా తీసేసి, చిన్న గదిలో పక్కనే కూర్చుని వాయించినట్టు పొడిగా ఉంచారు. మూడోది విరుచుకుపడినట్టు అనిపించేది అందుకే.

'మనీ' ఉన్న ఆల్బంలో (1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్') అక్కడక్కడా వినపడే మాటలూ నవ్వులూ నటులవి కావు. వాటర్స్ కార్డుల మీద ప్రశ్నలు రాసి, స్టూడియోలో దొరికినవాళ్లని కూర్చోబెట్టి చదివించాడు. ఇష్టమైన రంగులాంటి ప్రశ్నలతో మొదలెట్టి, ఎప్పుడైనా చెయ్యి చేసుకున్నారా, చావంటే భయమా అన్నదాకా. సామాన్లు మోసే కుర్రాళ్లు, ఆబీ రోడ్ ద్వారపాలకుడు జెర్రీ ఒడ్రిస్కల్ జంకకుండా చెప్పారు. అప్పుడే అక్కడున్న పాల్ మెకార్ట్నీని కూడా అడిగారు. ఆయన జవాబులు ఆచితూచి, చమత్కారంగా ఉన్నాయని వాడలేదు. ప్రపంచ ప్రఖ్యాత గాయకుణ్ని పక్కనపెట్టి వాచ్‌మన్ గొంతుతో ఆల్బం ముగించిన బృందం ఇంకోటి నాకు తెలీదు.

ఇప్పుడు అతుకుల విషయం. ఈ ఆల్బం గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. 'ద వాల్' చివరి పాట ఒక వాక్యం సగంలో ఆగిపోతుంది, మిగతా సగం మొదటి పాట మొదట్లో ఉంది. 'యానిమల్స్' ఆల్బంకి రెండు చివరలా ఒకే చిన్న పాట కాపలా. 'హ్యావ్ ఎ సిగార్' ముగింపులో శబ్దమంతా ఒక్కసారి కుంచించుకుపోయి చిన్న రేడియోలోంచి వచ్చినట్టవుతుంది. తర్వాత స్టేషన్లు మారతాయి, చైకోవ్‌స్కీ సింఫనీ ముక్క ఒకటి దొర్లిపోతుంది, ఆ రేడియోలోనే ఒక గిటార్ మొదలవుతుంది, గదిలో కూర్చున్న మనిషి ఒకడు దగ్గి దానికి జతగా తన గిటార్ అందుకుంటాడు. అదే 'విష్ యూ వర్ హియర్' పాట. మీ లింకు ఆ పాటని రెండో గిటార్ దగ్గర మొదలెట్టింది. దూరాన ఉన్నవాడితో కలిసి వాయించే ప్రయత్నమే ఆ పాట. ఆ దూరాన్నే కోసేశారు.

ఫోన్‌లో వినేవాళ్లు మార్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. యాప్ సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రానివ్వనిది) ఆన్‌లో, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరనీ తర్వాతి పాట మొదలునీ కలిపేసేది) సున్నాలో ఉండాలి. క్రాస్‌ఫేడ్ ఉంటే 'టైం' పాటలో గడియారాల మోతలాంటి మొదళ్లన్నీ ముందు పాట తోకలో మునిగిపోతాయి. ధ్వని స్థాయి సమం చేసే నార్మలైజేషన్ పాటవారీగా కాక ఆల్బంవారీగా ఉండాలి, లేదా తీసేయాలి. లేకపోతే అతుకు దగ్గర శబ్దం మెట్టు దిగినట్టు పడిపోతుంది. సొంత ఎంపీ3లు దాచుకున్నవాళ్లకి ఇంకో చిక్కు. ఎంపీ3లో శబ్దం 1,152 శాంపిళ్ల (శబ్దపు కొలతల) ఫ్రేములుగా, అంటే చిన్న ముక్కలుగా ఉంటుంది. పాట సరిగ్గా ఫ్రేము చివర ముగియదు కాబట్టి మిగిలిన జాగాలో నిశ్శబ్దం నింపుతారు, మొదట్లోనూ కొంత చేరుతుంది. సీడీ నాణ్యతలో ఒక ఫ్రేము 26 మిల్లీసెకన్లు. పైన చెప్పిన టేపు లెక్కలో సెంటీమీటరు తప్పు కూడా ఇంతే. గ్యాప్‌లెస్ లేని ప్లేయర్లో ప్రతి అతుకూ టిక్కుమనేది ఇందుకే. శబ్దంలో ఏదీ పోకుండా దాచే ఫ్లాక్ ఫైళ్లలో ఈ నింపుడు ఉండదు. ఒక్క చెవిలోనే ఇయర్‌బడ్ పెట్టుకుని వింటే మాత్రం 'ఆన్ ద రన్'లో అటూ ఇటూ పరిగెత్తే అడుగుల చప్పుళ్లు ఎక్కడికీ పోవు.

వీళ్లకి హాస్యం లేదనేది ఇంకో అపోహ. 'గ్రాంట్‌చెస్టర్ మెడోస్'లో పాటంతా ముసిరిన ఈగని చివర్లో ఎవడో వెంటపడి కొడతాడు. 'ఎంప్టీ స్పేసెస్'లో మాటలు వెనక్కి తిప్పి దాచారు. తిరగేసి వింటే, రహస్య సందేశం కనిపెట్టినందుకు అభినందనలు, జవాబు పిచ్చాసుపత్రి చిరునామాకి పంపండి అని ఉంటుంది. రికార్డుల్లో రహస్యాలు వెతికేవాళ్లకి పెట్టిన చురక అది.

'అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్' చదువులకి వ్యతిరేకమన్న మాట కూడా సరిచూసుకోవాలి. దానికి మూడు భాగాలు. మొదటిది లేకుండాపోయిన తండ్రి గురించి, రెండోది అవమానించే టీచర్ల గురించి, మూడోది ఇక ఎవరూ వద్దనుకోవడం గురించి. ఇటుకలు పేర్చే వరసలో బడి ఒకటి మాత్రమే. మీరు జాబితాలో వేసింది రెండో భాగం. మొదట అది ఒక చరణం, ఒక పల్లవితో అయిపోయే చిన్న పాట. నిర్మాత బాబ్ ఎజ్రిన్ టేపు నకలు తీసి రెట్టింపు చేసి, రెండో విడతలో ఇస్లింగ్టన్ గ్రీన్ స్కూల్ పిల్లల చేత పాడించాడు. పిల్లలు పాడేదీ పెద్దలు పాడేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావడానికి కారణం కవిత్వం కాదు, కొత్త చరణం రాసి లేకపోవడం.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే రెండు పేర్లు దయచేసి చేర్చండి. 'హ్యావ్ ఎ సిగార్' పాడింది వాటర్స్ అని రాశారు. పాడింది రాయ్ హార్పర్, అతను బృంద సభ్యుడు కూడా కాదు. 'ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై' కర్తగా రిచర్డ్ రైట్ ఒక్కడి పేరే ఇచ్చారు. మాటల్లేని ఆ ఆలాపన అక్కడికక్కడ అల్లి పాడినావిడ క్లేర్ టోరీ. ఆ రోజు ఆమెకి ముట్టింది 30 పౌండ్లు. తర్వాత కోర్టుకెక్కింది, 2005లో రాజీ కుదిరింది. అప్పటి నుంచి ఆ పాట కింద రైట్ పక్కన ఆమె పేరూ వేస్తున్నారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
విజయవాడ